కాలం జారిన కుజగ్రహం

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయే నవల ‘మార్షియన్ టైమ్-స్లిప్’. రచయిత ఫిలిప్ కె. డిక్. 1964లో వచ్చింది, కథాకాలం మాత్రం 1994. కుజుడి మీద మనుషులు కాపురాలు పెట్టారు. అక్కడ నీళ్ళకి కటకట. అందుకే నీటి కార్మికుల యూనియన్ నాయకుడు ఆర్నీ కాట్‌దే పెత్తనం.

మాన్‌ఫ్రెడ్ అనే పిల్లాడు ఎవరితోనూ మాట్లాడడు, కానీ వాడికి భవిష్యత్తు కనిపిస్తుంది. ఏ భూమికి ధర వస్తుందో వాడి ద్వారా తెలుసుకోవాలని ఆర్నీ ఆశ. తీరా చూస్తే ఆ భూమి అప్పటికే చెయ్యిజారింది. ఇక కాలంలో వెనక్కి వెళ్ళి, ముందే దక్కించుకోవాలనుకుంటాడు.

మరి ఆ పిల్లాడికి కనిపించేదేమిటి? పాడుబడ్డ భవనంలో, మంచానికి అతుక్కుపోయిన తన ముసలితనం! ఆర్నీకి వాడి చూపు కావాలి, వాడి భయం అక్కర్లేదు. చివరికి వాడిని అక్కున చేర్చుకున్నది కుజుడి మూలవాసులైన బ్లీక్‌మెన్. పుస్తకం మూసేశాక కూడా నన్ను వదలనిది ఆ పిల్లాడి భయమేనండీ. చదివి చూడండి. ఉంటాను.