సుబ్బారావు: పుట్టలోంచి వచ్చిన పేరు

రాయప్రోలు సుబ్బారావు 1892లో పుట్టారు. 1895లో నండూరి సుబ్బారావు, అదే ఏడు భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు. 1902లో రాజమండ్రిలో కోకా సుబ్బారావు. మొదటాయన తెలుగులో భావకవిత్వానికి బాట వేశారు. రెండో ఆయన తన పాటల్లో ఎంకిని సృష్టించారు. మూడో ఆయన అమెరికా వెళ్లి మందుల పరిశోధనలో పేరు తెచ్చుకున్నారు. నాలుగో ఆయన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు, అందరిదీ కోస్తా. పదేళ్ల తేడాలో పుట్టిన నలుగురికీ పేరు మాత్రం ఒక్కటే. ఇవాళ ఎల్‌కేజీ హాజరుపట్టీ తిరగేయండి, ఒక్క సుబ్బారావు దొరికితే గొప్పే.

సుబ్రహ్మణ్యం నోట్లో నలిగి సుబ్బ అయింది. దానికి రావు చేరింది. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు ఆ సుబ్రహ్మణ్యం ఎవరన్నదే తమాషా. వైదిక యజ్ఞాల్లో సుబ్రహ్మణ్య అంటే ఒక ఋత్విజుడు. సామగానం చేసే ఉద్గాతకు సహాయకుడు. సోమయాగానికి రమ్మని ఇంద్రుణ్ణి పిలవడం అతని పని. ఆ మాట శివుడి కొడుకు కుమారస్వామికి పేరుగా స్థిరపడింది తర్వాతి కాలంలో.

తమిళనాట ఆ స్వామి మురుగన్. చేతిలో వేలాయుధం, పక్కన నెమలి. మన దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. నెమలికీ పాముకీ పడదు కదా, తెలుగు సుబ్బారాయుడు మాత్రం సాక్షాత్తూ పామే. కృష్ణా జిల్లా మోపిదేవి గుడిలో పాము చుట్టల మీద శివలింగం ఉంటుంది. కుమారస్వామి పాము రూపంలో పుట్టలో తపస్సు చేశాడని అక్కడి స్థలపురాణం. పొలంలో పాము కనబడితే ఆ మాట అనకుండా ‘సుబ్బారాయుడు’ అని చేతులు జోడించే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ పేరు ఇంటింటికీ పాకడానికి కారణం ఆ పుట్టే. దీపావళి వెళ్లిన నాలుగో రోజు, కార్తీక శుద్ధ చవితి. పొద్దున్నే తలస్నానాలు చేసి చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు పట్టుకుని పుట్ట దగ్గరికి వెళతారు. కన్నంలో పాలు పోసి, తడిసిన పుట్టమన్ను కాస్త తీసి పిల్లల చెవులకు రాస్తారు. దాన్ని పుట్ట బంగారం అంటారు. చెవిలో చీము కారినా, ఒంటి మీద పొక్కులు లేచినా సుబ్బారాయుడికి కోపం వచ్చిందని నమ్మకం. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి దక్కకపోయినా ఆయనకే మొక్కు. రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ చేయించి, బిడ్డ పుడితే నీ పేరు పెట్టుకుంటాం స్వామీ అనుకునేవారు. వైద్యుడు అందుబాటులో లేని ఊళ్లలో ఆ పేరే పిల్లవాడికి రక్ష. కాబట్టి సుబ్బారావును అందం చూసి పెట్టిన పేరు అనుకోకూడదు. అది తీర్చిన బాకీ.

మొక్కుకు కులం లేదు, మగా ఆడా లేదు. సుబ్బారెడ్డి, సుబ్బరాజు, సుబ్బానాయుడు, సుబ్బయ్యశెట్టి, సుబ్బయ్య, సుబ్బమ్మ, సుబ్బలక్ష్మి. మొదటి సగం దేవుడిది, రెండో సగం చాలాచోట్ల కులం గుట్టు చెప్పేస్తుంది. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మజూపిన చిన్నకూతురి పేరు సుబ్బి. సుబ్బి పెళ్లి ఎంకి చావుకొచ్చిందనే సామెతలోనూ ఆ పేరే. సుబ్రహ్మణ్యం, వెంకటేశ్వరుడు అంతగా ఇళ్లలో నిండిపోయారు మరి. సామెతలో చచ్చేది ఎంకి అయితే, ఎంకిని పాటల్లో శాశ్వతంగా బతికించినవాడు ఒక సుబ్బారావు కావడం నాకు భలే నచ్చుతుంది.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఈ పేరును తరాలు దాటించింది. దానితో ఒక చిక్కూ వచ్చిపడింది. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు. మనవడేమో అదే పేరుతో ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు. ఒరేయ్ సుబ్బారావూ అని తిడితే మామగారిని తిట్టినట్టే! అందుకే వాడు ఇంట్లో బుజ్జిగాడో, నానిగాడో, చిన్నబ్బాయో అయ్యాడు. అసలు పేరు బడి రికార్డుల్లో మిగిలింది.

అతిగా వాడితే ఏ పేరైనా అరుగుతుంది. ఎల్లయ్య, పుల్లయ్యల్లాగే సుబ్బారావు కూడా ఫలానా మనిషి అని చెప్పడానికి పనికొచ్చే మాట అయింది. జోకుల్లో అమాయకపు గుమాస్తా అతనే. ‘బ్బ’ అనే ఒత్తు పల్లెటూరి మోతగా వినబడసాగింది. తమ బిడ్డ పేరు క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదని కోరుకునే తల్లిదండ్రులు ఇలాంటి పేరు ఎందుకు పెడతారు? దేవుడి మీద భక్తి తగ్గిందనడం మాత్రం తప్పు. కార్తికేయ, షణ్ముఖ్, స్కంద, గుహన్ అని ముద్దుగా పిలుచుకుంటున్న పిల్లలంతా ఆ స్వామి పేరిటివాళ్లే. మార్గశిరంలో సుబ్బారాయుడి షష్ఠికి అత్తిలి తీర్థం ఇప్పటికీ కిటకిటలాడుతుంది.

పాత పేరు ఇప్పుడు వేరే చోట్ల వెలుగుతోంది. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ బోర్డు మీద అది కడుపునిండా భోజనానికి హామీ. జీవరసాయన ప్రయోగశాలల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే ఫిస్కే–సుబ్బారో పద్ధతి 1925 నాటిది, యల్లాప్రగడ వారి పేరు మోస్తోంది. ఆయన 1948లో పోయాక ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.

ఇక ఊళ్లో మొక్కు ఉన్న ఇంటివాళ్లు మధ్యేమార్గం కనిపెట్టారు. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసే పేర్లలో సుబ్రహ్మణ్యాన్ని ఎక్కడో ఇరికిస్తారు. వెంకట నాగ సుబ్రహ్మణ్య సాయి కార్తికేయ. పిలిచేది కార్తీక్. స్వామికి చెల్లాల్సింది చెల్లింది, అమ్మకు నచ్చిన పేరూ దక్కింది. ఇంత పొడుగు పేరు పాస్‌పోర్టు గళ్లలోనూ విమాన టికెట్టు మీదా ఎలా పట్టించాలన్నది పెద్దయ్యాక కార్తీక్ తిప్పలు.