వేగం వేరు, జ్ఞాపకం వేరు

కొన్నేళ్ళ క్రితం స్వగ్రామం వెళ్ళినప్పుడు మా అమ్మగారు దంపుడు పాట పాడుతుండగా కెమెరాతో చిత్రీకరించాను. రెండవ చరణంలో కెమెరా ఆగిపోయింది. మెమరీ కార్డులో చోటు లేక కాదు. వచ్చిపడుతున్న దృశ్యాలను అంత వేగంగా రాసుకునే శక్తి ఆ కార్డుకు లేదు.

మత్సుషిత, శాన్‌డిస్క్, తోషిబా సంస్థలు 1999లో ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. నాటినుండి దాని ప్రమాణాలు మారుతూ వచ్చాయి. 2010 నాటి యూహెచ్‌ఎస్-1 ప్రమాణంలో గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు. తరువాతి యూహెచ్‌ఎస్-2లో 312. 2018లో వచ్చిన ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్, కంప్యూటర్ల అంతర్భాగాలను కలిపే పీసీఐఈ మార్గాన్ని కార్డుకు అమర్చి, ఆ వేగాన్ని 985కు చేర్చింది. మరుసటి ఏడాది మొబైల్ పరికరాలలో ఇమిడే మైక్రో ఎస్‌డీకీ ఆ సౌకర్యం లభించింది. మన పిల్లలు ముచ్చటపడే నింటెండో స్విచ్ 2 (2025) ఆటల నిల్వకు ఈ కార్డునే కోరుతుంది. కొత్త కార్డు పాత పరికరంలోనూ పనిచేస్తుంది, అయితే పాత వేగంతోనే.

కార్డుపై పెద్ద అక్షరాలతో ముద్రించే అంకె సాధారణంగా చదివే వేగానికి గరిష్ఠ పరిమితి. వీడియో తీసేవారు చూడవలసినది ‘వి’ అక్షరం పక్కనున్న అంకె. వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఎడతెగక రాయగలదని అర్థం.

ఇక రసాయన శాస్త్రజ్ఞునిగా ఒక మాట. ఈ కార్డులలోని ఫ్లాష్ మెమరీకి 1980లలో తోషిబాలో ఫుజియో మసుఓకా రూపమిచ్చారు. అందులో మన సమాచారమంతా బందీలైన ఎలక్ట్రాన్లే. వాటిని నిలిపి ఉంచేది అతి పలుచని సిలికాన్ డయాక్సైడ్ పొర. ఇసుకలో ప్రధానంగా ఉండే పదార్థమే అది. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ పొర కొంత క్షీణిస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతాయి. వేడి తగిలితే మరింత త్వరగా. కొత్త ప్రమాణాలు గాదెకు వెళ్ళే బాటను వెడల్పు చేశాయే గాని, గాదె గోడలను గట్టిపరచలేదు.

అందుచేత వేగవంతమైన కార్డు కొనండి, కాని దానినే భోషాణమని భ్రమించకండి. తీసిన వెంటనే వేర్వేరు చోట్ల రెండు ప్రతులైనా భద్రపరచండి.

మరునాడు అమ్మగారిని మళ్ళీ పాడమన్నాను. మూడవ చరణం ఎంతకూ గుర్తు రాలేదు. మా ఇంట ఆ పాట నేటికీ రెండు చరణాలే.