ఆంగ్లంలో కాలవ్యవధిని తెలిపే ప్రిపొజిషన్లు

ఆంగ్ల భాషలో ఒక పని ఎంతకాలం సాగినదో, ఎప్పటినుండి సాగుతున్నదో తెలపడానికి ఫర్, సిన్స్, అంటిల్, బై, ఇన్ వంటి ప్రిపొజిషన్లను నామవాచకానికి ముందు చేరుస్తారు. తెలుగులో ఈ పనిని పదం చివర చేరే ప్రత్యయాలు చేస్తాయి. అయితే ఈ రెండింటికీ ఒకదానికొకటి సరిగా సరిపోవు. తెలుగువారికి కలిగే చిక్కులలో చాలావరకు "నుండి" అనే మాట వద్దనే మొదలవుతాయి.

ఫర్, సిన్స్

"2004 నుండి ఇక్కడ ఉంటున్నాను", "మూడేళ్ళ నుండి ఇక్కడ ఉంటున్నాను" - రెండు వాక్యాలలోనూ "నుండి" ఒక్కటే. ఆంగ్లంలో మాత్రం 2004 అనేది ఆరంభ బిందువు కనుక "సిన్స్ 2004" అనీ, మూడేళ్ళు అనేది కొలత కనుక "ఫర్ త్రీ యియర్స్" అనీ అనాలి. "సిన్స్ త్రీ యియర్స్" అనే దోషం ఇందువల్లనే వస్తుంది. ఇది తెలుగువారికే పరిమితం కాదు. హిందీలోని "సే", ఫ్రెంచిలోని "దెప్యుయి", జర్మన్‌లోని "జైట్" కూడా రెండు అర్థాలలోనూ వాడబడతాయి కనుక ఆ భాషలవారూ ఇదే పొరపాటు చేస్తుంటారు.

అంతకన్నా ముఖ్యమైనది క్రియ. తెలుగులో "ఉంటున్నాను" అనే వర్తమాన రూపం సరిపోతుంది. ఆంగ్లంలో "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ యియర్స్" అనాలి. "ఐ లివ్డ్ హియర్ ఫర్ త్రీ యియర్స్" అంటే ఆ నివాసం ముగిసిపోయినదని అర్థం. అలాగే "ఐ హావ్ బీన్ హియర్ ఫర్ త్రీ డేస్" అంటే వచ్చి మూడు రోజులైనదని. "ఐ యామ్ హియర్ ఫర్ త్రీ డేస్" అంటే సాధారణంగా మొత్తం మూడు రోజులుండడానికి వచ్చానని. ప్రిపొజిషన్ మారలేదు, అర్థం మారింది. కాబట్టి ఫర్‌ను విడిగా బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం తక్కువ. క్రియతో కలిపి నేర్చుకోవాలి.

ఇతర పదాలు

డ్యూరింగ్ అనేది "ఎంతసేపు?" అన్న ప్రశ్నకు కాక "ఎప్పుడు?" అన్న ప్రశ్నకు జవాబు. అందుచేత "డ్యూరింగ్ ద హాలిడేస్" సరైనది, "డ్యూరింగ్ టూ మంత్స్" కాదు.

అంటిల్ (లేదా టిల్) మన "వరకు". బై మన "కల్లా" లేదా "లోగా". తెలుగులోనూ ఈ భేదం స్పష్టంగానే ఉన్నది: శుక్రవారం వరకు పనిచేయడం వేరు, శుక్రవారం కల్లా పూర్తిచేయడం వేరు. దరఖాస్తు గడువుల విషయంలో ఈ తేడాను గమనించడం అవసరం.

ఇన్ కొంత మోసం చేస్తుంది. "రెండు గంటలలో వస్తాను" అంటే తెలుగులో ఆలోపే రావచ్చు. "ఐ విల్ కమ్ ఇన్ టూ అవర్స్" అంటే మామూలుగా రెండు గంటలు గడిచాక వస్తానని. "లోపు" అని చెప్పదలచినప్పుడు విదిన్ వాడడం మేలు.