తాకిన అంటనిది : హెచ్.ఐ.వి.ని గూర్చిన భయము, నిజము

మన పల్లెలలో మశూచికమును 'అమ్మవారు' అని పిలుచుట వాడుక. ఇంట ఒకరికి అమ్మవారు పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టి, రోగిని ఇంటిలోనే పరుండబెట్టి, తల్లియో అక్కయో ప్రక్కన కూర్చుండి వేపరెమ్మలతో విసరుచుండెడివారు. కుష్ఠువునకు 'పెద్దరోగము' అని పేరు. అది వచ్చినవానిని మాత్రము ఊరి వెలుపలకు పంపివేసెడివారు. వాడు త్రాగిన చెంబును కూడ ఎవరును ముట్టెడివారు కారు.

ఈ రెండు వ్యాధులలో ఏది ఎక్కువగా అంటుకొనును? మశూచికమే. అది రోగి శ్వాస ద్వారా ప్రక్కవారికి త్వరగా సోకెడిది. సోకినవారిలో నూటికి 30 మంది వరకు మరణించెడివారు. కుష్ఠువు అంత సులభముగా అంటునది కాదు. మనుష్యులలో చాలమందికి దానిని ఎదుర్కొను శక్తి స్వభావముగనే కలదు. నేడు మందులతో అది పూర్తిగా నయమగుచున్నది. ఎక్కువగా అంటు వ్యాధిగ్రస్తుని ఇంట ఉంచుకొని, తక్కువగా అంటు వ్యాధిగ్రస్తుని వెలివేసితిమి. దీనినిబట్టి తేలునదేమనగా, వ్యాధిని చూచి మనుష్యులు పడు భయమునకును, ఆ వ్యాధి అంటుకొను శక్తికిని పొంతన లేదు.

ఈ పొరపాటే మన కాలమున హెచ్.ఐ.వి. విషయమున మరల జరిగినది. అది ఎట్టి పొరపాటో, దానివలన కలుగుచున్న నష్టమేమో విచారింతము.

ఒక బాలుడు, రెండు పాఠశాలలు

అమెరికాలో ఇండియానా రాష్ట్రమున రయన్ వైట్ అను బాలుడుండెను. పుట్టుకతోనే అతనికి హీమోఫీలియా అను వ్యాధి ఉన్నది. ఈ వ్యాధి ఉన్నవారికి దెబ్బ తగిలినచో రక్తము త్వరగా గడ్డకట్టదు. అందుచేత ఇతరుల రక్తమునుండి తీసిన ఒక పదార్థమును వారికి ఎక్కించుచుండిరి. ఆ పదార్థము ద్వారానే రయన్‌కు హెచ్.ఐ.వి. సోకినది. 1984 డిసెంబరులో ఈ సంగతి బయటపడునప్పటికి అతని వయస్సు 13 సంవత్సరములు.

ఇతర బాలురకు అతనివలన ప్రమాదము లేదని వైద్యులు చెప్పినను, 1985లో పాఠశాలవారు అతనిని రానీయలేదు. తల్లి న్యాయస్థానములకు ఎక్కవలసివచ్చెను. 1986లో అతడు మరల బడికి పోగలిగినను, ఊరివారి ద్వేషము తగ్గలేదు. 1987లో ఆ కుటుంబము సిసిరో అను మరొక ఊరికి తరలిపోయినది. అచ్చటి ఉన్నత పాఠశాలలో, అతడు రాకమునుపే విద్యార్థులకు ఈ వ్యాధిని గూర్చి బోధించిరి. అతడు వచ్చిన దినమున వారు ఎదురువచ్చి కరచాలనము చేసిరి.

రెండు ఊళ్ళును ఒకే రాష్ట్రమునందలివే. బాలుడును అతడే, వైరసును అదే. భేదమంతయు ఒక్కటే: రెండవ ఊరిలో బాలునికంటె ముందు పాఠము వచ్చినది. రయన్ 1990 ఏప్రిలులో, 18 ఏండ్ల వయస్సున మరణించెను. ఆనాటికి సరియైన మందు లేదు.

వైరస్ ఏమి చేయును?

మన రక్తములోని తెల్లకణములలో సి.డి.4 కణములు అను ఒక తెగ కలదు. శరీరములో సూక్ష్మజీవులు ప్రవేశించినపుడు, మిగిలిన రక్షక కణములను మేల్కొలిపి యుద్ధమునకు నడుపునవి ఇవియే. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు ఇవి సుమారు 500 నుండి 1500 వరకు ఉండును. హెచ్.ఐ.వి. సరిగా ఈ కణములలోనే చొరబడి, తన జన్యుపదార్థమును కణముయొక్క జన్యుపదార్థములో కలిపివేసి, అచ్చటనే తనవంటి వైరసులను తయారుచేయించుకొనును. క్రమముగా సి.డి.4 కణములు నశించును. వాని సంఖ్య 200కు దిగువకు పడిపోయినపుడు, ఆరోగ్యవంతులను ఏమియు చేయలేని సూక్ష్మజీవులు కూడ రోగిని పీడించును. ఈ దశకే ఎయిడ్స్ అని పేరు. కనుక హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారికిని ఎయిడ్స్ ఉన్నదనుట తప్పు.

ఈ వ్యాధిని గూర్చిన మొదటి నివేదిక 1981లో అమెరికాలో వెలువడినది. 1983లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే సినూసి, లూక్ మోంటాన్యే అను శాస్త్రజ్ఞులు వైరసును కనుగొనిరి. ఇందులకు వారికి 2008లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున ఈ వైరస్ ఉన్నదని 1986లో మదరాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల మొదటిసారిగా నిరూపించిరి.

ఎట్లు సోకును? ఎట్లు సోకదు?

ఈ వైరస్ వెలుపలి గాలిలో ఎక్కువసేపు నిలువజాలని దుర్బలమైన జీవి. చెమటలోగాని కన్నీటిలోగాని లాలాజలములోగాని మరొకరికి సోకదగినంతగా ఇది ఉండదు. సోకు మార్గములు కొద్దియే: రక్షణలేని లైంగిక సంబంధము, పరీక్షింపని రక్తము ఎక్కించుట, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడుట, గర్భమునందో కాన్పునందో చనుబాల ద్వారానో తల్లినుండి బిడ్డకు చేరుట.

అట్లయిన దోమ ఒకరిని కుట్టి మరొకరిని కుట్టినపుడు రక్తము ద్వారా సోకదా అని విద్యార్థులు తరచు అడుగుదురు. ఇది మంచి ప్రశ్న. దోమ మనలోనికి ఎక్కించునది తన లాలాజలమునే కాని, మునుపు పీల్చిన రక్తమును కాదు. మలేరియా క్రిమి దోమ దేహములో పెరిగి లాలాజల గ్రంథులకు చేరును. హెచ్.ఐ.వి. అట్లు పెరుగజాలదు, దోమ కడుపులో రక్తముతోపాటే జీర్ణమైపోవును.

ఒక్క లెక్క చూచినచో సంగతి మరింత స్పష్టమగును. ఆసుపత్రిలో పనిచేయు నర్సుకు, చికిత్స పొందని రోగి రక్తము అంటిన సూది పొరపాటున గుచ్చుకొన్నదనుకొందము. అప్పుడు కూడ ఆమెకు హెచ్.ఐ.వి. సోకు అవకాశము వెయ్యింట సుమారు 3 మాత్రమే. 72 గంటలలోగా మందు మొదలుపెట్టి 28 దినములు వాడినచో ఆ కొద్ది ప్రమాదమును కూడ చాలవరకు తప్పించవచ్చును. రక్తపు సూది గుచ్చుకొన్నపుడే ఇట్లుండగా, ఒకే బల్లపై కూర్చుండుటవలన, ఒకే కంచములో తినుటవలన, చేయి పట్టుకొని ఆడుకొనుటవలన భయమెక్కడిది?

మందు తెచ్చిన మార్పు

1996 ప్రాంతమున మూడు మందులను కలిపి వాడు పద్ధతి వచ్చినది. ఒక్క మందుకు లొంగక మారిపోవు వైరస్, మూడింటికి ఒకేసారి తట్టుకొనలేకపోయినది. కాని ఆ మందులకు సంవత్సరమునకు పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యెడిది. 2001లో మన దేశపు సిప్లా సంస్థ వానిని దినమునకు ఒక డాలరుకంటె తక్కువకే ఇవ్వజూపి ప్రపంచమును ఆశ్చర్యపరచినది. నేడు హైదరాబాదు కేంద్రముగా గల హెటిరో, అరవిందో వంటి సంస్థలు కూడ ఈ మందులను తయారుచేయుచున్నవి. 2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వము ఏ.ఆర్.టి. కేంద్రముల ద్వారా వీనిని ఉచితముగా ఇచ్చుచున్నది. మూడు మందులు ఇమిడిన ఒక్క మాత్రను దినమునకొకసారి వేసికొనుటయే నేటి సామాన్య చికిత్స.

ఈ మందు వైరసును పూర్తిగా తుడిచివేయదు. కొన్ని కణములలో అది నిద్రించుచుండును. మందు మానినచో మరల విజృంభించును. కాని మానక వాడువారి రక్తములో వైరస్ పరీక్షకు కూడ అందనంతగా తగ్గిపోవును. త్వరగా చికిత్స మొదలుపెట్టినవారు ఇంచుమించు ఇతరులవలెనే నిండు ఆయుష్షు అనుభవింపవచ్చును.

అంతకంటె గొప్ప సంగతి మరొకటి కలదు. చెన్నై, పుణె నగరములతో సహా 9 దేశములలో 1763 జంటలపై ఒక పరిశోధన జరిగినది. ప్రతి జంటలోను ఒకరికి వైరస్ కలదు, రెండవవారికి లేదు. వెంటనే మందు మొదలుపెట్టిన జంటలలో భాగస్వామికి వ్యాధి సోకుట, ఆలస్యముగా మొదలుపెట్టిన జంటలలోకంటె 96 శాతము తక్కువగా ఉన్నట్లు 2011లో తేలినది. పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గినవారినుండి లైంగిక సంబంధము ద్వారా భాగస్వామికి సోకు ప్రమాదము సున్న అని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. తల్లినుండి బిడ్డకు, ఏ చికిత్సయు లేనిచో నూటికి 15 నుండి 45 వరకు సోకు వ్యాధి, చికిత్సవలన నూటికి 5కు లోపుగా తగ్గుచున్నది. ఐనను వైరస్ ఉన్నవారు రక్తదానము చేయరాదు. ఆ నియమము మారలేదు.

వెలి ఎవరికి మేలు చేయును?

2021 నాటి అంచనాల ప్రకారము మన దేశమున హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు సుమారు 24 లక్షలు. వారిలో 3 లక్షలకు పైగా ఆంధ్రప్రదేశమందే ఉన్నారు. కనుక ఇది ఎక్కడనో దూరదేశపు విషయము కాదు.

పరీక్ష ఉచితము, మందు ఉచితము. ఐనను కొందరు పరీక్షకు పోరు. కొందరు తెలిసినవారు చూతురని తమ ఊరి కేంద్రమును విడిచి దూరపు ఊరికి పోవుదురు. కొందరు అత్తవారింట మాత్ర కనబడునేమోయని దానిని మానివేయుదురు. మానిన కొద్ది వారములలో వైరస్ మరల పెరుగును. అప్పుడు ఆ మనిషి ప్రాణమునకును ప్రమాదము, భాగస్వామికిని ప్రమాదము. వెలివేసినచో వ్యాధి దూరమగునని మనము అనుకొందుము. కాని నిజమునకు వెలివేయుటవలన దూరమగునది వ్యాధి కాదు, మందు. భయము వైరసును ఆపుటలేదు. దానికి దారి వేయుచున్నది.

పాఠశాల చేయదగినది

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్నది. దీని ప్రకారము ఈ వైరస్ కారణముగా ఎవరికిని బడిలో చేర్చుకొనుట, ఉద్యోగము, వైద్యము, అద్దె ఇల్లు నిరాకరించరాదు. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. సమ్మతి లేనిదే సంగతి వెల్లడించరాదు. తలిదండ్రులు వ్యాధిగ్రస్తులైన ఇంట భారము మోయుచున్న, 12 ఏండ్లు నిండి తగిన వివేకము గల పెద్దబిడ్డ, తన తమ్ముని లేక చెల్లెలిని బడిలో చేర్చుటకు సంరక్షకుడుగా సంతకము చేయవచ్చునని కూడ ఈ చట్టము చెప్పుచున్నది. అట్టి బిడ్డ వచ్చినపుడు 'పెద్దవారిని తీసికొనిరా' అని త్రిప్పి పంపకుండుట ప్రధానోపాధ్యాయులు గుర్తుంచుకొనవలసిన విషయము.

'తరగతిలో ఎవరికి ఉన్నదో తెలియకున్న జాగ్రత్తపడుట ఎట్లు?' అని కొందరు ఉపాధ్యాయులకు సందేహము కలుగవచ్చును. జవాబు సులభము: తెలియనక్కరలేదు. ఆటలో ఏ పిల్లవానికి గాయమైనను, చేతికి తొడుగు వేసికొని, లేనిచో శుభ్రమైన మందపు గుడ్డ అడ్డుపెట్టి రక్తమును తుడిచి, గాయము కడిగి కట్టుకట్టి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. అందరి విషయమున ఒకే జాగ్రత్త పాటించినచో ఎవరిని గూర్చియు ఆరా తీయవలసిన పనిలేదు. ఒక తల్లి నమ్మి సంగతి చెప్పినచో, ఆ మాట ఉపాధ్యాయుల విశ్రాంతి గదికి చేరరాదు. ఆ బిడ్డ మందుకై ఏ.ఆర్.టి. కేంద్రమునకు పోవలసిన దినమున, కారణము నలుగురిలో అడుగక సెలవు ఇచ్చినచో చాలును.

విద్యార్థులకు ఈ వ్యాధిని గూర్చి ఏ సందేహమున్నను 1097 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు పిలిచి తెలిసికొనవచ్చును. ఉపాధ్యాయులు ఈ పాఠమును, తరగతిలోనికి అట్టి బిడ్డ వచ్చిన పిమ్మట కాక, ముందే చెప్పుట మంచిది. ఆ బిడ్డ ఇప్పటికే తరగతిలో ఉండవచ్చును. మూడవ బల్లపై కూర్చుండి, తన సంగతి ఎవరికిని తెలియనీయక, మీరు ఏమి చెప్పెదరోయని వినుచుండవచ్చును.