షరతులు లేని ఆయుధం: చైనా యుద్ధ విమానాల వాణిజ్యం

2025 మే మాసంలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య సంఘర్షణ సాగి, పూంచ్ వంటి సరిహద్దు పట్టణాలలో పసిపిల్లలతో సహా సామాన్యులు ప్రాణాలు కోల్పోయిన ఆ రోజులలోనే చైనా షేర్ల విపణిలో ఒక సంస్థ వాటా ధర ఒక్కసారిగా పెరిగిపోయింది. అది చెంగ్డూ నగరంలో జె-10 యుద్ధ విమానాలను నిర్మించే సంస్థ. ఆ రకానికి చెందిన జె-10సి విమానాలతో భారత విమానాలను కూల్చివేశామని పాకిస్తాన్ ప్రకటించుకోవడమే అందుకు కారణం. కూలినవి ఎన్ని అన్న విషయంలో ఇరు దేశాల మాటలకు పొంతన లేదు. మన త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ ఆ నెలాఖరున సింగపూర్‌లో మాట్లాడుతూ, కొంత నష్టం జరిగినట్లు అంగీకరించారు. పాకిస్తాన్ చెప్పిన సంఖ్యను మాత్రం పూర్తిగా తోసిపుచ్చారు. విపణి ఆ వివాదం తేలేవరకు వేచి ఉండలేదు.

జె-10సి ఒకే ఇంజను గల విమానం. దాని బలం వేగంలో కన్నా చూపులో, క్షిపణిలో ఎక్కువగా ఉంది. యాంటెనాను అటూ ఇటూ తిప్పనవసరం లేకుండానే ఏకకాలంలో అనేక లక్ష్యాలను గమనించే ఆధునిక రాడార్ దానికి ఉంది. దాని పిఎల్-15 క్షిపణి ఎగుమతి నమూనా 145 కిలోమీటర్ల దూరం వెళ్ళగలదని చైనా చెబుతోంది. అనగా ప్రత్యర్థి ముఖాన్ని కాదు గదా, అతని విమానాన్ని కూడా కంటితో చూడకుండానే ప్రాణం తీయవచ్చు. పాకిస్తాన్ ఈ విమానాలను 2022 మార్చిలో తన దళంలో చేర్చుకొంది. ఇండొనేసియా 42 విమానాలు కొనదలచినట్లు 2025 అక్టోబరులో వెల్లడించింది. ఇక పాకిస్తాన్, చైనా కలిసి రూపొందించిన జెఎఫ్-17 ఇంతకంటే చవకైనది. 2003లో తొలిసారి గగనానికి ఎగిరిన ఆ విమానపు చట్రంలో 58 శాతం పాకిస్తాన్‌లోని కామ్రాలో తయారవుతుంది. మయన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్ దాని కొనుగోలుదారులు.

అయినా ఈ వాణిజ్యాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగా ఊహించుకోరాదు. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2020-24 మధ్య ప్రపంచ ఆయుధ ఎగుమతులలో చైనా వాటా 5.9 శాతం, స్థానం నాలుగవది. ఆ ఎగుమతులలో 63 శాతం ఒక్క పాకిస్తాన్‌కే చేరింది. అంగడి పెద్దదే గాని ఖాతాదారు దాదాపు ఒక్కడే!

మరి ఇతర దేశాలు అటువైపు ఎందుకు చూస్తున్నాయి? ధర ఒక కారణం. అంతకన్నా బలమైనది షరతుల బాధ లేకపోవడం. అమెరికాతో పాకిస్తాన్‌కు ఎదురైన అనుభవాన్ని ముస్లిం దేశాల పాలకులు మరచిపోలేదు. 1990లో అణు కార్యక్రమం కారణంగా ప్రెస్లర్ చట్ట సవరణ ప్రకారం ఆంక్షలు విధించినప్పుడు, పాకిస్తాన్ సొమ్ము చెల్లించిన 28 ఎఫ్-16 విమానాలు అరిజోనా ఎడారిలోనే నిలిచిపోయాయి. 1998లో కుదిరిన పరిష్కారం ప్రకారం ఆ సొమ్ములో కొంత నగదుగా, కొంత గోధుమలు మొదలైన సరుకుల రూపంలో తిరిగి వచ్చింది. విమానాలు అడిగినవారికి గోధుమలు! ఈజిప్టు సంగతీ అంతే. ఎఫ్-16లను అమ్మిన అమెరికా, వాటికి తగిన దూరశ్రేణి క్షిపణులను ఇవ్వలేదు.

అయితే చైనా విమానాలకు పరాధీనత లేదనుకోవడం కూడా పొరపాటే. జెఎఫ్-17 ఇంజను రష్యాది. దాని తొలి శ్రేణులలో పైలట్ ఆపదలో బయటికి ఎగిరిపడే ఆసనం బ్రిటన్‌ది. బ్రిటిష్ భాగాలున్న ఏ యుద్ధ విమానమూ అర్జెంటీనాకు చేరకుండా బ్రిటన్ అడ్డుపడుతుంది గనుక, జెఎఫ్-17ను పరిశీలించిన ఆ దేశం చివరకు 2024లో డెన్మార్క్ నుంచి 24 పాత ఎఫ్-16లు కొనుక్కొంది. పేద దేశాల వద్ద నేటికీ ఎక్కువగా ఎగురుతున్నవి కూడా ఈ కొత్త విమానాలు కావు. 2025 జూలై 21న ఢాకాలో ఒక పాఠశాలపై కూలి ముప్పై మందికి పైగా ప్రాణాలను, అత్యధికంగా విద్యార్థుల ప్రాణాలను బలిగొన్న ఎఫ్-7 కూడా చైనా నిర్మితమే. సోవియట్ కాలపు మిగ్-21 వంశానికి చెందిన ఆ రకం తయారీ 2013లోనే ఆగిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. షరతులు లేకపోవడం కొనేవానికి సౌకర్యం. అమ్మేవానికి అది ధర్మసమ్మతమేనా?

బలాన్ని, అశ్వాలను సిద్ధం చేసుకోమని ఆదేశించిన అన్‌ఫాల్ సూరా 60వ ఆయతును ఆయుధ వ్యాపార ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపిస్తుంటారు. ప్రత్యర్థి శాంతికి మొగ్గితే మీరూ మొగ్గమనే 61వ ఆయతు ఎందుకో అంతగా వినిపించదు. పైగా అక్కడి ఆదేశం సిద్ధం చేసుకోవడం గురించే, అమ్మడం గురించి కాదు. అమ్మకం గురించి మన ఫిఖహ్ వేరుగా మాట్లాడింది. సహీహ్ బుఖారీలోని వ్యాపార అధ్యాయంలో ఫిత్నా కాలపు ఆయుధ విక్రయంపై ప్రత్యేక శీర్షికే ఉంది. దానిని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అయిష్టంగా భావించారని అక్కడ ఉంది. మదర్సాలలో నేటికీ బోధించే హిదాయాలో ఇమామ్ మర్గీనానీ (రహ్మ) మరింత స్పష్టత ఇచ్చారు. అల్లకల్లోలం రేపేవారికి ఆయుధం అమ్మడం మక్రూహ్. కొనేవాడు అలాంటివాడని తెలియనప్పుడు దోషం లేదు. పనితనం చేరితే గాని ఆయుధం కాని ఇనుము వంటి పదార్థాల అమ్మకం ఈ నిషేధంలోకి రాదు. అనగా విక్రేత వస్తువును మాత్రమే గాక కొనేవాని చేతినీ చూడాలి.

ఈ గీటురాయిపై మయన్మార్ ఉదంతాన్ని పరీక్షించండి. 2017లో ఆ దేశపు సైన్యం దాడులతో ఏడు లక్షలకు పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మరుసటి ఏడు డిసెంబరులో అదే సైన్యం జెఎఫ్-17లను తన దళంలో చేర్చుకొంది. ఆ తరువాత అవి సాంకేతిక లోపాలతో చాలాకాలం నేలకే పరిమితమైనట్లు వార్తలు వచ్చాయి; అది వేరే సంగతి. 2021లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి గ్రామాలపై బాంబులు కురిపిస్తున్న కాలంలో, 2022లో, ఎఫ్‌టిసి-2000జి అనే మరో రకం విమానాలను చైనా అందించింది.

జెఎఫ్-17 ఒప్పందం 2017కు ముందే కుదిరింది గదా అని కొందరు అంటారు. కాని రఖైన్ రాష్ట్రంలో 2012 హింసలోనే లక్షకు పైగా ప్రజలు, వారిలో అత్యధికులు రోహింగ్యాలు, ఇళ్ళు కోల్పోయి శిబిరాల పాలయ్యారు. ఆ శిబిరాల దృశ్యాలను లోకమంతా చూసింది. కొనేవాడు ఎవరో తెలియదనే మినహాయింపు ఇక్కడ వర్తించదు. కామ్రా నుంచి గాని, చెంగ్డూ నుంచి గాని బయటికి వెళ్ళేది ఇనుమూ కాదు.