చుట్టుదారి చిక్కు

దగ్గర దారి చెప్పమంటే ఎవరైనా చెబుతారు. మా ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళడానికి 2018 సెప్టెంబరు 24 నుంచి మెట్రో రైలు వుంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే మూడోది దిల్‌సుఖ్‌నగర్. దిగిపోవడమే. కాని, ఒకసారి తొక్కిన మలుపు మళ్ళీ తొక్కకుండా, సందు సందూ తిరుగుతూ, అన్నిటికన్నా పొడుగు దారిన అక్కడికి చేరాలంటే? పనీ పాటా లేనివాడి ప్రశ్న అంటారు మీరు. మా అమ్మాయితో నేనూ అదే అన్నాను.

అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటోంది. మొన్న వాళ్ళ మాస్టారు గళ్ళ చదరంలో అక్కడక్కడ గోడలు పెట్టి ఒక పద్మవ్యూహం ఇచ్చారట. ఇటు ప్రవేశించి అటు బయటపడాలి. ఏ గడిలోనూ రెండోసారి అడుగు పెట్టరాదు. దగ్గర దారి అడిగితే కంప్యూటరు రెప్పపాటులో చెప్పింది. పొడుగు దారి అడిగితే రాత్రి భోజనాలప్పుడు మొదలుపెట్టి, తెల్లవారి కాఫీ వేళకు కూడా గాలిస్తూనే వుంది!

"అంత యంత్రానికి ఇంత పనా?" అన్నాను.

"అయితే మీరే చేసి చూపించండి నాన్నా!" అంది.

తెలుగు ఎం.ఏ. వాణ్ణి. లెక్కలకూ నాకూ ఆమడ దూరం. అయినా తండ్రిని గదా! వాకిట్లో ముగ్గేస్తున్న మా ఆవిడ చేతిలో గిన్నె అందుకుని, వరుసకు మూడు చొప్పున తొమ్మిది చుక్కలు పెట్టాను. ఒక మూల నుంచి ఎదుటి మూలకు అడ్డంగానో నిలువుగానో నడవాలి గాని ఐమూలగా పోరాదు. దగ్గర దారి నాలుగడుగులు. పాములా మెలికలు తిరిగితే ఎనిమిది అడుగులు. తొమ్మిది చుక్కలూ కలిసివచ్చాయి. "చూశావా!" అని మీసం దువ్వాను.

"ఇప్పుడు పదహారు చుక్కలతో చేయండి" అంది.

అరగంట చేశాను. ఎట్లా తిరిగినా ఒక చుక్క మిగిలిపోతుంది. చూసి చూసి మా ఆవిడ చుక్క మార్చి చుక్క మీద పసుపు చల్లింది.

"అడుగడుక్కీ రంగు మారుతుంది గదండీ. ఎదురెదురు మూలలు రెండూ తెల్లవే. తెలుపుతో మొదలై తెలుపుతో ముగియాలంటే, దారిలో పసుపు కంటే తెలుపు ఒకటి ఎక్కువ పడాలి. ఇందాక తెలుపు అయిదు, పసుపు నాలుగు. సరిపోయాయి. ఇప్పుడు ఎనిమిదీ ఎనిమిదీ. ఒక పసుపు చుక్క మిగలక ఏమవుతుంది?"

ముగ్గు గిన్నె మర్యాదగా తిరిగి ఇచ్చేశాను.

అమ్మాయి లెక్క చెప్పింది. మూల నుంచి ఎదుటి మూలకు చుక్క తిరగబడకుండా పోయే దారులు తొమ్మిది చుక్కలకు 12. పదహారింటికి 184. ఇరవై అయిదింటికి 8,512. ముప్ఫై ఆరింటికి 12,62,816. చదరంగం బల్లకు మల్లే అరవై నాలుగు పెడితే 78,936 కోట్ల పైచిలుకు!

మరి దగ్గర దారి అంత సులువెందుకు? వాకిట్లో చెంబెడు నీళ్ళు పోస్తే ఎట్లా పాకుతాయో, ఆ వెతుకులాట అట్లా పాకుతుంది. మొదటి అడుగులో అందిన చుక్కలకు ఒకటి, వాటి పక్కవాటికి రెండు, ఇలా అంకె వేసుకుంటూ పోతే చాలు. ఎటు నుంచి వచ్చామో గుర్తుండనక్కరలేదు. పొడుగు దారి సంగతి వేరు. ఇప్పుడు తొక్కిన చుక్క రేపటి దారికి అడ్డం కావచ్చు. అందుకని నడిచిన నడకంతా జ్ఞాపకం వుండాలి. ఇరుక్కుంటే కడపటి మలుపు దాకా వెనక్కు వచ్చి మరో వైపు పోవాలి. గోడలు, ఖాళీలు లేని చదరానికి సూత్రాలున్నాయి. కాని ఎక్కడంటే అక్కడ ఖాళీలున్న చదరంలో అన్ని గళ్ళూ తొక్కే దారి వుందో లేదో తేల్చడం, చులకన ఉపాయం ఇంతవరకు ఎవరికీ దొరకని గడ్డు సమస్యల కోవలోదని 1982లో ఇతాయ్, పాపడిమిత్రియు, స్వార్క్‌ఫిటర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రుజువు చేశారు.

చదరంగం మాట వినగానే నా గుండె కలుక్కుమంది. చాలా ఏళ్ళ కిందట ఒక విద్యార్థి నాలుగు వరుసలు, వరుసకు ఎనిమిది గళ్ళు గీసి, గడికో అక్షరం రాసుకుని వచ్చాడు. "తురగబంధం మాస్టారూ!" అన్నాడు. ముప్ఫై రెండక్షరాల శ్లోకాన్ని గళ్ళలో పరిచి, చదరంగపు గుర్రం నడకన, అంటే రెండు గళ్ళు నేరుగా, ఒకటి పక్కకు పోతూ చదవాలి. ఏ గడీ మిగలరాదు, ఏ గడీ తిరగబడరాదు. తొమ్మిదో శతాబ్దిలో రుద్రటుడు 'కావ్యాలంకారం'లో ఇటువంటిది కూర్చాడు. దాన్ని వరుసగా చదివినా గుర్రం నడకన చదివినా అదే శ్లోకం. వేదాంత దేశికులు శ్రీరంగనాథుని పాదుకల మీద 1008 శ్లోకాలతో చెప్పిన 'పాదుకాసహస్రం'లో మరో మెట్టు ఎక్కారు. గుర్రం నడిస్తే వేరే శ్లోకం పుడుతుంది. రెంటికీ అర్థం వుంది!

చిత్రకావ్యాన్ని మమ్మటుడు అట్టడుగున కూర్చోబెట్టాడు గదా అన్న ధీమాతో, "పరీక్షలో దీనికెన్ని మార్కులోయ్?" అన్నాను. పిల్లవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తేలేదు.

అది కసరత్తే అనుకుందాం. కాని యంత్రం రాత్రంతా తడుముకునే జాతి సమస్యను ఒక మనిషి తీసుకుని, దారీ తప్పక, ఛందస్సూ తప్పక, అర్థమూ తప్పక నడిపించాడు. ఆ సంగతి చెప్పవలసినవాణ్ణి నేను. ఆ కుర్రవాడు తానే తెచ్చి ఇస్తే అందుకోలేకపోయాను.

సోమవారం క్లాసులో నల్లబల్ల మీద ముప్ఫై రెండు గళ్ళు గీశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "గుర్రం మధ్యలో ఇరుక్కుంటే ఏం చేయాలి సార్?" అని అడిగింది.

"వెనక్కు వచ్చి, తప్పిన మలుపు దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలమ్మా" అన్నాను. నేను అప్పుడు చేస్తున్నదీ అదే మరి.