దేవికి వేయి నామము లెందుకు?

బాలలారా! దేవి యొక్కతెయే కదా, ఆమెకు వేయి నామము లెందుకని మీకు సందేహము కలుగవచ్చును. బ్రహ్మాండపురాణమున హయగ్రీవుడు అగస్త్యమహర్షి కుపదేశించిన లలితాసహస్రనామమును చూడుడు. అందు దేవి మొట్టమొదట తల్లిగాను, పిమ్మట మహారాజ్ఞిగాను, ఆ వెనుక సింహాసనేశ్వరిగాను కీర్తింపబడినది. రాజ్యాధికారముకంటె మాతృత్వమునకే అగ్రస్థాన మొసగుటచేత, భక్తుడు భయముతో గాక బిడ్డవలె చనువుతో ఆమెను సమీపింపవచ్చునని ఆ క్రమమే తెలుపుచున్నది. తరువాత కేశములు మొదలు పాదముల వరకు ఆమె రూపమును వర్ణించుటవలన, పఠించువారి మనస్సు చెదరక ఒక్కొక్క అవయవముపై నిలిచి, తుదకు సంపూర్ణమూర్తిని ధ్యానింప నేర్చును. ఆపై భండాసురవధ ఆమె పరాక్రమమును చాటును. ఇట్లు ఒక్కొక్క నామము ఆమె రూపమునో, గుణమునో, కార్యమునో తెలుపును. కావున స్తోత్రమును కంఠస్థము చేయుటతో తృప్తినొందక, పెద్దల నడిగి దినమున కొక నామమున కైనను అర్థము తెలిసికొనుడు.